వంజరం తాజాదేనని ఒప్పుకున్న రోజు

"మేడం, నొప్పులు దూరం దూరంగా వస్తుంటే మీరేం చేసేవారు?" అని కొత్తగా లేబర్ రూములో డ్యూటీ పడ్డ అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. "ముందు మీ నోరు ఎలాంటిదో చూసుకోండి" అంటాను. వాళ్ళు పకపకా నవ్వుతారు. నవ్వండమ్మా, నాకూ ఇప్పుడు నవ్వే వస్తుంది. కానీ అది జోకు కాదు. నా నోటి మూలంగా ఒక పిల్ల కాన్పు పొద్దున్న ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా అంగుళం కదలకుండా కూర్చుంది. ఆ సంగతి మీకు చెప్పి తీరాలి. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది మీరే కాబట్టి.

నాది పద్మనాభం వైపు పల్లె. వరిచేల మధ్య పుట్టినదాన్ని, విశాఖ వచ్చి ఫిషింగ్ హార్బరుకి కూతవేటు దూరంలో ఉన్న ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకి పైగా పురుళ్ళు పోశాను. కోపం నాకు ముక్కు మీద ఉంటుంది. కారిడార్లో నా చెప్పుల చప్పుడు వినబడితే విజిటర్లు మంచాల మీంచి వాళ్ళంతట వాళ్ళే లేచి నిలబడేవారు. దానికి నేను మురిసిపోయేదాన్ని కూడా.

ఇంకో గర్వం నా కుడిచెయ్యి. నొప్పులు లెక్కపెట్టే పద్ధతి మీకు తెలుసు. తల్లి పొట్ట మీద చెయ్యి వేసి, వాచీ చూసుకుంటూ పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. పొట్ట ఎన్నిసార్లు గట్టిపడింది, ఒక్కోసారి ఎంతసేపు అలా ఉంది, చూసి చార్టులో రాయాలి. "నా అరచేతికి తెలియకుండా ఈ ఊళ్ళో ఒక్క బిడ్డ కూడా కదలదు" అని డ్యూటీ రూములో టీ తాగుతూ కోతలు కోసేదాన్ని.

మా ఆసుపత్రి మొత్తంలో నాకు భయపడని మనిషి ఒక్కతే, మా ఆయమ్మ. పాతనగరంలో ముస్లింల ఇంటి ఆడపడుచు, వాళ్ళాయనది పరుపులు కుట్టే కొట్టు. నాకంటే ముందు నుంచి అక్కడ పనిచేస్తోంది. ఎవరు ఎంత తిన్నారు, ఎవరు ఏడ్చారు, ఎవరు ఎవరితో మాట్లాడ్డం లేదు, ఇవన్నీ ఆవిడ దగ్గర ఉండేవి. నా దగ్గర చార్టులు ఉండేవి.

ఆ రోజు పొద్దున్న నేను డ్యూటీకి వచ్చేసరికి ఒక జాలరి పిల్ల టేబుల్ మీద ఉంది. తొలిచూలు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయని వాళ్ళత్త తీసుకొచ్చింది. నేను చూసేసరికి దారి సగం తెరుచుకుని ఉంది. బిడ్డ గుండె చప్పుడు చక్కగా ఉంది. పది నిమిషాలకి రెండు నొప్పులు. "మధ్యాహ్నం భోజనాల లోపు నీ బిడ్డని నీ చేతికిస్తాను" అన్నాను ఉత్సాహంగా. ఆ పిల్ల నా మొహం ఒక్కసారి పరకాయించి చూసి, గోడవైపు తిరిగిపోయింది. సిగ్గేమో అనుకున్నాను.

"టేబుల్ దిగకూడదు. అరవకూడదు. ఏమన్నా కావాలంటే నన్నడగాలి" అని నా రూల్స్ చెప్పేశాను. కాన్పుకి ముందు తల్లిని లేపి తిరగనివ్వమని అప్పటికే మాకు ట్రైనింగుల్లో చెప్పారు. నేను శ్రద్ధగా తలాడించి, వాళ్ళు పెట్టిన సమోసాలు తిని వచ్చేశాను. పేషెంటు ఒకచోట కదలకుండా ఉంటే నాకు సుఖం. ఆమెకి సుఖమా కాదా అన్నది నేనెప్పుడూ అడగలేదు.

తొమ్మిదయింది, పదయింది. రెండు నొప్పులు కాస్తా ఒకటయ్యాయి. ఆ ఒక్కటీ వచ్చీరానట్టు వచ్చి పోతోంది. పదకొండింటికి మళ్ళీ పరీక్ష చేశాను. ఎక్కడున్నది అక్కడే. "ఏటమ్మా, బిడ్డని కనాలని ఉందా లేదా నీకు?" అని కసిరాను. ఆ పిల్ల గోడకి పెయింటు ఎలా వేశారో చూస్తున్నట్టు అటే చూస్తోంది.

వాళ్ళత్త తలుపు సందులోంచి తొంగిచూసి, "సిస్టరమ్మా, మా కోడలు నోరిప్పట్నేదేటి? అది కేకేత్తే జెట్టీ కాడ్నించి కొండ మీదికి ఇనబడతాది. ఇలగ మూగదాన్లాగ పడుంటే నాకు బయమేత్తంది" అంది.

"ఇది ఆసుపత్రి. చేపల రేవు కాదు. బయట కూర్చో" అన్నాను. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి, తర్వాత నా పరువు తీసింది ఇదే.

పన్నెండింటికి మా డాక్టరు గారు వచ్చారు. చిన్న వయసు, చెయ్యి నెమ్మది. అంతా చూసి, "మూడింటిదాకా చూద్దాం సిస్టర్ గారూ. ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి పంపించేద్దాం. అక్కడ సెలైన్లో నొప్పుల మందు పెడతారు. దానికీ రాకపోతే ఆపరేషన్ చేస్తారు. అంబులెన్స్ రెడీగా ఉంచమని చెప్తాను" అన్నారు.

అప్పుడు నోరిప్పింది ఆ పిల్ల. డాక్టరు గారితోనే గానీ నాతో కాదు.

"ఆపరేసను వద్దు డాట్రమ్మా. మా అప్పకి అలగే కోసినారు. గంప ఎత్తడానికి ఏడాది పట్టింది దానికి. ఈలోపు దాని ఈదులు ఇంకోలు అట్టుకుపోనారు. నా మొగుడికి నడుం ఇరిగి వేటకెల్లట్నేదు. ఇంట్లో గంప ఎత్తేది నానూ, మా అత్తా. అత్తకి మోకాళ్ళు పోనాయి."

చేపలమ్మే ఆడవాళ్ళకి అదొక కట్టు. ఫలానా వీధులు ఫలానా మనిషివి. ఇంకొకరు ఆ వీధిలో గంప దించరు. కానీ నెలల తరబడి కనబడకపోతే ఆ వీధి చేతులు మారిపోతుంది, తర్వాత వచ్చి అడిగినా తిరిగి రాదు. కొంతమందికి బాగానే నయమవుతుందని, బిడ్డకి అవసరమైతే కోత తప్పదని డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు. ఆ పిల్ల తల ఊపింది. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం చెవుల్లోకి కారిపోతున్నాయి. నాకు గుండె తరుక్కుపోయింది. దానితోపాటు ఒళ్ళు కూడా మండింది. నా చేతి మీదుగా కదలని కాన్పేమిటి?

పన్నెండున్నరకి ఆయమ్మ ఒక బెడ్‌పాన్ తెచ్చి, నా చార్టు మీదే పెట్టింది.

"ఏంటిది?" అన్నాను.

"చూడండి. పొద్దున్నుంచి ఎండిపోయే ఉంది. ఆ పిల్ల ఒంటికెళ్ళలేదు సిస్టరమ్మా."

నేను గబగబా వెళ్ళి పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. నిండు కొబ్బరిబోండంలా ఉంది మూత్రాశయం. అది అంత నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి చోటెక్కడుంటుంది, నొప్పులకి ఊపెలా వస్తుంది? ఇది ఫస్టియరు పాఠం. నాలుగు గంటలకి పైగా ఆ పొట్ట మీదే పెట్టుకుని కూర్చున్నానమ్మా నా ఘనమైన అరచెయ్యి. నొప్పులు లెక్కపెట్టే యావలో ఆ పక్కనే ఉన్నది నాకు తగల్లేదు.

"ఒంటికొస్తుంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. మళ్ళీ గోడ.

ఆయమ్మ నన్ను మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. "మీరడిగితే చెప్పదు. మీతో మాట్లాడదట. ప్రాణం పోయినా మిమ్మల్ని ఏమీ అడగదట."

"నేనేం చేశాను దాన్ని?"

"వంజరం" అంది ఆయమ్మ.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత తలుపు సందులోంచి ఆ పిల్ల మొహం మళ్ళీ చూశాను.

నాలుగు నెలల కిందట ఒక ఆదివారం. మా వీధిలోకి రోజూ వచ్చే చేపల పిల్ల మా గుమ్మంలో గంప దించింది. మంచి వంజరం. నేను అలవాటుగా మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా, తడిగా ఉంది, నాకు తెలుసు. అయినా బేరం తేలాలి కదా. ముక్కు మూసుకుని, వీధి వీధంతా వినబడేలా "ఇది నిన్నటి చేప, కంపు కొడుతోంది" అన్నాను. గిన్నెలు పట్టుకుని వస్తున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అటునుంచటే వెనక్కి తిరిగారు. ఆ పిల్ల చేప నా చేతిలోంచి తీసుకుని, గంప నెత్తికెత్తుకుని, "నా గంప మళ్ళా ఈ ఈదిలో దిగదు" అని వెళ్ళిపోయింది. అన్నట్టే రాలేదు. పక్క వీధుల్లో తిరుగుతూనే ఉంది, మా వీధీ ఇంకా ఆవిడదే కాబట్టి ఇంకెవరూ రాలేదు. నాలుగు నెలలు మా వీధి మొత్తానికి చేప లేదు. మా ఎదురింటావిడ నాతో మాట్లాడ్డం మానేసింది. మా ఆయన వంకాయ కూర చూసినప్పుడల్లా నా వైపు ఒక చూపు చూసేవాడు.

నేను గుర్తుపట్టలేదంటే నమ్ముతారా? తల మీద గంప, నోటినిండా కేక ఉంటేనే ఆవిడ నాకు ఆవిడ. ఆసుపత్రి గౌను వేసి, నోరు మూయించి పడుకోబెడితే ఎవరో. పైగా ఆ ఆదివారం నాటికి ఆ పిల్లకి అయిదో నెల. పురుళ్ళు పోసే దాన్నయ్యుండి చేప మొప్పలు ఎత్తి చూశాను గానీ, ఆ చేప మోసుకొచ్చిన పిల్ల పొట్ట చూడలేదు నేను.

ఆయమ్మ ఇంక నాతో సంప్రదించలేదు. నేరుగా వెళ్ళి ఆ పిల్లని టేబుల్ దింపి, భుజం పట్టుకుని బాత్రూముకి నడిపించింది. చాలాసేపటికి వచ్చారు ఇద్దరూ. "బిడ్డ కంటే ముందు గోదారొచ్చింది" అంది ఆయమ్మ. వరండాలో వాళ్ళత్త కిసుక్కున నవ్వింది. ఉప్పేసిన గంజి తాగించాం. బిడ్డ గుండె మళ్ళీ విన్నాను, బాగుంది.

"కొంచెం అటూ ఇటూ నడుద్దామా?" అన్నాను. అంత మెత్తగా నేను మా ఆయనతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు.

"నీతోటా?" అంది ఆ పిల్ల. నాలుగు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"నాతో వద్దులే. మీ అత్తతో నడు. నేను వెనకాల వస్తాను."

నడిచింది. అత్త చెయ్యి పట్టుకుని, పాదాలు ఈడ్చుకుంటూ. ఆయమ్మ రెండు నిమిషాలు చూసి, "ఇదేం నడక? ఈ పిల్ల నడక ఇది కాదు" అని లోపలికి పోయింది. తువ్వాలు ఒకటి చుట్టగా చుట్టి, ఉతికి ఆరేసిన ఖాళీ ప్లాస్టిక్ టబ్బు పట్టుకొచ్చింది. ఆ చుట్ట ఆ పిల్ల నెత్తి మీద పెట్టి, దాని మీద టబ్బు పెట్టింది.

అమ్మాయిలూ, అప్పుడు చూడాలి మీరు. ఆ పిల్ల వెన్ను నిటారుగా లేచింది. గడ్డం పైకొచ్చింది. నడుము దానంతటదే అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. మనం పుస్తకాలు చదివి, బొమ్మలు చూపించి, "ఇలా కదలమ్మా" అని బతిమాలే కదలికంతా దాని ఒంట్లో ముందే ఉంది. నేనే దాన్ని పడుకోబెట్టి కట్టేశాను.

"ఏమ్మా, నాకు చేపలు కావాలి. ఏమున్నాయి?" అంది ఆయమ్మ కారిడార్ చివర నిలబడి.

పిల్ల నవ్వింది. మెల్లిగా, "సేపలు..." అంది.

నాకు నోరు ఊరుకోదు కదా. "వినబడలేదు. ఇంకొంచెం గట్టిగా" అన్నాను.

నా వైపు కొరకొరా చూసింది. ఊపిరి పీల్చుకుని వదిలింది ఒక కేక. "సేపలోయ్, వంజరం, సందువా, కానాగంతలోయ్..." ఆ కేకకి కారిడార్లో పావురాలు లేచిపోయాయి. లేచినవి లేచినట్టే ఉండగా పిల్ల టబ్బు ఆయమ్మకి అందించి కిటికీ ఊచలు పట్టుకుంది. నొప్పి. నేను చెయ్యి వేసి చూశాను. పొద్దున్నుంచి చూసిన నొప్పి కాదది. గట్టిగా వచ్చి, నింపాదిగా నిలబడి, అప్పుడు దిగింది.

ఇంక మొదలైంది మా బజారు. ముందురోజు కన్న దువ్వాడ ఊరి అమ్మాయి మంచం మీంచి "సందువా ఎలగిత్తన్నావ్ అప్పా?" అని అడిగింది. ఇంకొకావిడ "కోసిత్తావా, మేమే కోసుకోవాలా?" అంది. పిల్ల అందరికీ జవాబు చెప్పింది. నడిచింది, కేకేసింది, ఊచలు పట్టుకుంది, మళ్ళీ నడిచింది. నేను వాచీ పట్టుకుని వెనకాల పరుగు. ఎనిమిది నిమిషాలకొకటి. అయిదుకొకటి. నాలుగుకొకటి. రెండింటికి నా డ్యూటీ అయిపోయింది, నన్నెవరూ గుర్తు చెయ్యలేదు, చేసినా వెళ్ళేదాన్ని కాదు. ఒక కేక మధ్యలో ఉమ్మనీరు పోయింది, తేటగా. ఆయమ్మ గోనెగుడ్డ పడేసి తుడుస్తూ, "గంపలో ఐసు కరిగింది" అంది. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి. ఆ పిల్ల కూడా నొప్పికీ నొప్పికీ మధ్య నవ్వుతూనే ఉంది.

సరిగ్గా మూడింటికి డాక్టరు గారు పెద్దాసుపత్రికి కాయితం రాసుకుని వచ్చారు. తలుపు దగ్గరే ఆగిపోయారు. ఒక నిండు చూలాలు నెత్తిన టబ్బుతో కేకలేస్తోంది. వార్డు వార్డంతా బేరమాడుతోంది. సీనియర్ సిస్టర్ వాచీ పట్టుకుని వెనకాల గెంతుతోంది.

"ఏంటి సిస్టర్ గారూ ఇది? చేపల రేవా?" అన్నారు.

వాళ్ళత్త నా మొహంలోకి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నా పరువు తీసిందని చెప్పానే, ఆ మాట ఇదే.

"పది నిమిషాలకి నాలుగు నొప్పులండి" అన్నాను. డాక్టరు గారు పరీక్ష చేశారు. లేచి, ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "టేబుల్ మీదికి తీసుకురండి" అన్నారు.

అంతా అయిపోవచ్చింది. తల కనిపిస్తోంది. "ముక్కమ్మా, ముక్కు" అంటున్నాను. ఆ పిల్ల నొప్పి దిగిన గ్యాపులో నా మణికట్టు పట్టుకుంది. రోజూ గంప ఎత్తే చెయ్యి, విడిపించుకోవడం నా వల్ల కాదు.

"ముందు ఇది సెప్పు సిస్టరమ్మా. ఆవేళ నా వంజరం కంపు కొట్టిందా?"

డాక్టరు గారు నా వైపు చూశారు. ఆయమ్మ కప్పు వైపు చూసింది. నాకు చెవులదాకా వేడెక్కింది.

"లేదు" అన్నాను. "తాజాదే. మొప్పలు ఎర్రగా ఉన్నాయి. ధర తగ్గిస్తావని అబద్ధమాడాను. తప్పు నాది."

"ఇన్నావా అత్తా?" అని తలుపు వైపు ఒక్క కేక. ఆ కేకతోనే నొప్పి అందుకుంది. ఆ నొప్పితోనే ఆడపిల్ల. బయటికి వస్తూనే ఏడుపు అందుకుంది, వాళ్ళమ్మ గొంతే. "దీనికి ఇప్పట్నుంచే ఒక వీధి రాసిచ్చెయ్యండి" అంది ఆయమ్మ. నేను బొడ్డు కోస్తూ ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. డాక్టరు గారు అడిగితే చెమట అని చెప్పాను.

ఒక మాట చెప్పాలి. దీన్ని పట్టుకుని మీరు అందరి నెత్తినా టబ్బులు పెట్టకండి. బిడ్డ గుండె బాగుంది, దారి ఉంది, అంబులెన్స్ గేటు దగ్గరే ఉంది, కాబట్టి ఆ రోజు నవ్వుకున్నాం. గంజి తాగి, కారిడార్ అంతా తిరిగినా నొప్పులు రానివాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఆ మందు కావాలి, ఆ కోత కావాలి, ఆలస్యం చెయ్యకూడదు. అలా నేను పంపినవాళ్ళు చాలామంది ఉన్నారు, క్షేమంగా బిడ్డలతో తిరిగొచ్చారు. కానీ పెద్దాసుపత్రికి పంపుదాం అనేముందు మీరు అడగండి. ఒంటికెళ్ళావా అమ్మా, ఏమన్నా తాగావా, నీకెలా ఉంటే బాగుంటుంది అని. అడిగినా ఆమె గోడవైపు తిరిగితే, ఆ గోడ ఎవరు కట్టారో ఆలోచించండి. నేనయితే అప్పట్నుంచి డ్యూటీకి రాగానే మొదట ఆయమ్మ దగ్గరికెళ్ళి కూర్చునేదాన్ని, చార్టు తర్వాత చూసేదాన్ని.

మూడు నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున్న కాఫీ పెడుతున్నాను. వీధి మొదట్లో కేక వినబడింది. "సేపలోయ్..." మా ఆయన పేపరు కింద పడేసి లేచాడు. ఎదురింటావిడ గిన్నె పట్టుకుని గేటు దాకా వచ్చేసింది. చూస్తుండగా అన్ని గుమ్మాల్లోనూ మనుషులే. వెనకాల బిడ్డని చంకనేసుకుని వాళ్ళత్త, ముందు నెత్తిన గంపతో ఆ పిల్ల, అదే నడక. నేరుగా వచ్చి మా గుమ్మంలో గంప దించింది. పైన వంజరం మిలమిల మెరుస్తోంది.

నేను చెయ్యి చాపలేదు. తానే మొప్ప ఎత్తి చూపించింది.

"సిస్టరమ్మా, ఆవేళ బల్ల కాడ సెప్పినావు గదా, అది ఇక్కడ కూడా సెప్పు."

వీధంతా చూస్తోంది. మా ఆయన కూడా. నేను గొంతు సవరించుకుని, "వంజరం తాజాదే" అన్నాను.

ఆ పిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని, తల పక్కకి వంచి, చెవి దగ్గర ఇంకో చెయ్యి పెట్టింది.

"ఇనబడనేదు. ఇంకొంచెం గట్టిగా."